ఎథనాల్ ప్లాంటులో కొలువు: గింజ దగ్గర మొదలుపెట్టండి

తెల్లవారుజామున నాలుగు గంటలకు ఎథనాల్ ప్లాంటు గేటు బయట మొక్కజొన్న లారీలు బారులు తీరి ఉంటాయి. ల్యాబ్ కుర్రాడు ఇనుప గొట్టం చేతబట్టుకుని లారీ మీదికెక్కుతాడు. నాలుగు మూలలా, నడిమధ్యన గుచ్చి, గొట్టంలోకి వచ్చిన గింజల్ని పళ్లెంలో పోస్తాడు. పైపైన ఉన్న బస్తాలు ఎప్పుడూ బంగారంలా ఉంటాయి. అడుగున ఏముందో గొట్టమే చెప్పాలి. అనుభవం ఉన్నవాడు ముందు రెండు గింజలు పంటి కింద వేసుకుని కొరుకుతాడు. టక్కున విరిగితే ఎండిన గింజ. మెత్తగా నొక్కుకుంటే పచ్చి. ఆ తర్వాతే తేమ మీటరు. ఆ రోజు ప్లాంటుకు లాభమో నష్టమో సగం అక్కడే, ఆ పళ్లెంలోనే తేలిపోతుంది.

మా అన్న కొడుకు కెమిస్ట్రీలో బీఎస్సీ పూర్తి చేశాడు. మొన్న ఫోన్ చేసి, "బాబాయ్, మొక్కజొన్న నుంచి ఎథనాల్ తీసే ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది, చేరమంటావా?" అని అడిగాడు. నేను డిస్టిలరీల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మొలాసిస్‌తో మొదలుపెట్టి, తర్వాత నూకల మీద, ఇప్పుడు మొక్కజొన్న మీద. మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. ఇంటి ముందు కళ్లంలో మొక్కజొన్న ఆరబోసుకున్న ఇల్లే మాది. వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ ప్లాంట్లు లేస్తున్నాయి. డిగ్రీ చదివినవాళ్లు, డిప్లొమా, ఐటీఐ చేసినవాళ్లు చాలామంది ఇదే ప్రశ్నతో ఉన్నారు.

చేరమన్నాను. కానీ ఒక మాట గట్టిగా చెప్పాను. చేరగానే అందరూ ఏసీ కంట్రోల్ రూములో కంప్యూటర్ తెరల ముందు కూర్చోవాలని చూస్తారు. నువ్వు మాత్రం మొదటి ఆరు నెలలు గేటు ల్యాబ్‌లో వేయమని నోరు తెరిచి అడుగు. ఎండ, దుమ్ము, డ్రైవర్లతో వాదులాట, అన్నీ ఉంటాయి అక్కడ. అయినా అదే అడుగు.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. మంచి మొక్కజొన్నలో నూటికి అరవై పాళ్లకు అటూ ఇటూగా పిండి పదార్థం ఉంటుంది. ఆ పిండి చక్కెర అవుతుంది, చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాలు చేస్తుంది. కాగితం మీద లెక్కగడితే టన్నుకు 430 లీటర్ల దాకా రావాలి. ఆచరణలో బాగా నడిచే ప్లాంటులో 380 లీటర్ల దగ్గర ఆగుతుంది. రోజుకు 200 కిలోలీటర్ల ప్లాంటు అనుకుందాం. దానికి రోజూ దాదాపు 525 టన్నుల మొక్కజొన్న కావాలి, అంటే ఇరవై లారీలు. గింజలో పిండి ఒక్క శాతం తగ్గితే టన్నుకు ఆరు లీటర్ల పైన పోతుంది. రోజుకు మూడు వేల మూడు వందల లీటర్లు. చమురు కంపెనీలు 2024 జనవరిలో మొక్కజొన్న ఎథనాల్ ధరను లీటరుకు 71.86 రూపాయలు చేశాయి. ఆ ధరన చూస్తే ఒక్క శాతం పిండికి రోజుకు రెండు లక్షల నలభై వేలు. ఇంత డబ్బును కంట్రోల్ రూములో ఎవరూ ఆదా చేయలేరు. గేటు దగ్గర గొట్టం పట్టుకున్న మనిషి చేయగలడు.

తేమ సంగతీ అంతే. సాధారణంగా 14 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. 25 టన్నుల లారీ 17 శాతంతో వచ్చిందనుకోండి, 14 శాతం లెక్కన చూస్తే దాదాపు 870 కిలోల సరుకు తక్కువ వచ్చినట్టు. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆ లెక్కన ఆ ఒక్క లారీలో ఇరవై వేల పైచిలుకు రూపాయలకు నీళ్లు కొన్నట్టు. అందుకే తేమను బట్టి కోత వేస్తారు. ఈ కోత న్యాయంగా వేయడం కూడా మన పనే. వానకు తడిసిన సరుకుతో వచ్చిన రైతు మోసగాడు కాడు. ఆరబెట్టుకోవడానికి అతనికి చోటు దొరకలేదు, అంతే. మీటరు అతని కళ్ల ముందే పెట్టండి, అంకె అతన్నే చదవమనండి, కోత ఎంతో కాగితం మీద రాసి ఇవ్వండి. తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు "మక్కలు" అంటారు, మావైపు మొక్కజొన్న అంటాం. పేరు ఏదైనా అతని నాలుగు నెలల కష్టం ఆ లారీలో ఉంది.

తేమ ఉన్నచోటే బూజు పడుతుంది. గింజ మొలక దగ్గర పసుపు పచ్చగానో ఆకుపచ్చగానో కనిపిస్తే అఫ్లాటాక్సిన్ అనుమానించాలి. ఎథనాల్‌కు ఆ విషం అడ్డు రాదు, ఆల్కహాలులోకి పోదు. అందుకే "ఏం పరవాలేదు, దించెయ్" అనేవాళ్లుంటారు. ఆ మాట వినకండి. ఆల్కహాలు తీశాక మిగిలిన పిప్పిని ఆరబెట్టి డీడీజీఎస్ పేరుతో కోళ్లకు, చేపలకు, పశువులకు మేతగా అమ్ముతాం. గింజలో మూడింట ఒక వంతే అలా పిప్పిగా మిగులుతుంది కాబట్టి, గింజలో ఉన్న విషం పిప్పిలో మూడింతలవుతుంది. భీమవరం వైపు చేపల చెరువులకో, కోళ్ల ఫారాలకో వెళ్లేది అదే. మేత కంపెనీ ఒకసారి సరుకు తిప్పి పంపిందంటే ఆ పేరు మళ్లీ కడుక్కోవడానికి ఏళ్లు పడుతుంది. ప్లాంటు ఆదాయంలో రెండో కాలు డీడీజీఎస్. ఎథనాల్ ధర ప్రభుత్వం చేతిలో ఉంటుంది, దీని ధర మన నాణ్యత చేతిలో ఉంటుంది.

లోపలి పని మాటకొస్తే, గింజను శుభ్రం చేసి హామర్ మిల్లులో పొడి చేస్తారు. పొడిని నీళ్లలో కలిపి జావ చేస్తారు, స్లరీ అంటారు దాన్ని. ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ వేసి 85, 90 డిగ్రీల వేడిలో ఉంచుతారు. చిక్కని జావ చూస్తుండగానే పలచబడిపోతుంది. అక్కడ నేను ఇప్పటికీ చేయించే పరీక్ష ఒకటుంది. రెండు చుక్కలు పింగాణీ పలక మీద వేసి, అయోడిన్ చుక్క కలపాలి. నల్లని నీలంగా మారితే పిండి ఇంకా విరగలేదని అర్థం. గోధుమ రంగుకు తిరిగితే పని జరుగుతోంది. మరో ఎంజైమ్ దాన్ని చక్కెర చేస్తే, ఫెర్మెంటర్‌లో ఈస్ట్ అందుకుంటుంది. యాభై అరవై గంటలు అక్కడే.

ఫెర్మెంటర్ దగ్గర మనవాళ్లకు ఒక మేలు ఉంది. తరవాణి కుండ మూత తీసి వాసన చూసిన ఇంట్లో పెరిగినవాళ్లం. ఇడ్లీ పిండి పొంగు వాసనకూ, పాడైపోయిన పిండి వాసనకూ తేడా ముక్కుకు తెలుసు. ఫెర్మెంటర్ సరిగ్గా నడుస్తుంటే తాజా రొట్టె వాసన, తియ్యగా. ముక్కుపుటాలకు గుచ్చుకునే పులుపు తగిలిందంటే బ్యాక్టీరియా చేరింది, మన చక్కెరను అది తిని ఆమ్లం చేస్తోంది. ల్యాబ్ రిపోర్టు గంట తర్వాత వస్తుంది, ముక్కు ఆ గంట ముందే చెబుతుంది. రిపోర్టు రాకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి, కానీ ముక్కు చెప్పగానే శాంపిల్ పంపండి.

ఇక మన ఎండలు. ఈస్ట్‌కు 32, 33 డిగ్రీలు హాయి. 35 దాటితే నీరసపడుతుంది. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే కూలింగ్ టవర్ నీళ్లే వేడిగా వస్తాయి, ఫెర్మెంటర్ చల్లబడదు. చలిదేశాల్లో తయారైన డ్రాయింగులు మన వేసవిని ఎరగవు. ఏప్రిల్ రాకముందే హీట్ ఎక్స్చేంజర్ ప్లేట్లు విప్పి కడిగించే షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర పని నేర్చుకోండి. అలాంటివాడు దొరికితే వదలకండి.

డిస్టిలేషన్ గురించి ఎక్కువ చెప్పను, పుస్తకాల్లో బాగానే ఉంటుంది. ఎన్ని కాలమ్‌లు పెట్టినా మామూలుగా కాస్తే 95, 96 శాతం దాటదు. మిగిలిన నీటిని మాలిక్యులర్ సీవ్ అనే సన్నని గుళికల పొర పీల్చుకుంటే 99.6 శాతం మీద పెట్రోలులో కలపదగిన ఎథనాల్ వస్తుంది. నూకల మీద పనిచేసి వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. బియ్యంలో పిండి ఎక్కువ, నూనె దాదాపు లేదు. మొక్కజొన్నలో మొలకంతా నూనె, పైన పీచు. ఎవాపరేటర్ గొట్టాలు త్వరగా పాచి కడతాయి, డ్రయర్ తీరు మారుతుంది. రెండు గింజల మీదా చేయి తిరిగినవాడికి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. దానికి కారణం కాసేపట్లో చెబుతాను.

దానికంటే ముందు ప్రాణం సంగతి.

ఎథనాల్ ఎంత తయారవుతుందో, బరువు లెక్కన దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్ ఫెర్మెంటర్ నుంచి వస్తుంది. 200 కిలోలీటర్ల ప్లాంటులో రోజుకు 150 టన్నులు. గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. రంగు లేదు, వాసన లేదు. ట్యాంకు ఖాళీ చేసినా నీళ్లలాగే అడుగున పేరుకుని ఉంటుంది. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట, ఖాళీ ఫెర్మెంటర్ కడగడానికి ఒక హెల్పర్ నిచ్చెన మీద దిగాడు. అడుగుకు చేరాక చీపురు చేతిలోంచి జారింది, మనిషి మోకాళ్ల మీద కూలాడు. అరుపు కూడా లేదు. పైనున్న అతని తోడల్లుడు చెప్పులు విడిచి దిగబోయాడు. వయసు మళ్లిన ఆపరేటర్ ఒకాయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, "నువ్వు దిగితే ఇద్దరి శవాలు తీయాలిరా" అని కేక వేశాడు. బ్లోయర్ గొట్టం దించి, గాలి కొట్టి, ఆక్సిజన్ మాస్కు వేసుకున్న మనిషి తాడుతో దిగి అతన్ని తీశాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు. అతను పడ్డప్పుడు చూసిన ఆ మాన్‌హోల్ గుండ్రని వెలుగు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఇలాంటి ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో చాలామంది మొదట పడినవాళ్లు కారు, కాపాడబోయినవాళ్లు. ఆక్సిజన్ మీటరు పెట్టి కొలవకుండా, పర్మిట్ కాగితం మీద సంతకాలు లేకుండా, పైన కాపలా మనిషి లేకుండా ఎవరు దిగమన్నా దిగకండి. మేనేజర్ చెప్పినా, ఉద్యోగం పోతుందన్నా సరే.

రెండోది నిప్పు. ఎథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి సరిగ్గా ఆనదు, లేత నీలంగా ఉంటుంది. చెయ్యి కాలాక తెలుస్తుంది. మామూలు నురగ దాని మీద నిలవదు, ఆల్కహాలుకు తట్టుకునే నురగే కావాలి. మీ ప్లాంటు స్టోరులో ఏ నురగ ఉందో చేరిన మొదటి వారంలోనే కళ్లారా చూసి రండి. మిల్లు హౌస్‌లో పిండి దుమ్ము పేరుకుంటే అదీ పేలుతుంది. అక్కడ వెల్డింగ్ పెడుతున్నారంటే ముందు ఊడ్చారా లేదా చూడండి.

గిరాకీ కారణం చెబుతానన్నాను. ఈ వ్యాపారం రాజకీయ నిర్ణయాల మీద నడుస్తుంది, దాన్ని దాచిపెట్టి సలహా ఇవ్వడం తప్పు. 2018 జీవ ఇంధన విధానం 2030 నాటికి పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపాలంది. 2022లో ఆ గడువును 2025-26కి ముందుకు జరిపారు. 2022 జూన్‌కే 10 శాతం అందుకుంది, 2025లో 20కి చేరింది. ఆ ఊపులో అప్పులు తెచ్చి ప్లాంట్లు కట్టారు. 2023 జూలైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) ప్లాంట్లకు బియ్యం ఇవ్వడం ఒక్కసారిగా ఆగింది. బియ్యం మీదే ఆధారపడిన చోట్ల బాయిలర్లు ఆరిపోయాయి. అప్పుడు అందరూ మొక్కజొన్న మీద పడ్డారు. ధర ఎగిరింది, కోళ్ల రైతులు గగ్గోలు పెట్టారు, మామూలుగా ఎగుమతి చేసే మన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి దిగుమతి చేసుకుంది. 2025-26 సరఫరా సంవత్సరానికి చమురు కంపెనీలు 1,050 కోట్ల లీటర్లు కావాలంటే, తయారీదారులు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామన్నారు. ఆర్డర్లలో మొక్కజొన్నదే పెద్ద వాటా. అయినా కొనేదాని కంటే అమ్మజూపేది చాలా ఎక్కువ. అంటే ప్రతి ప్లాంటూ ఏడాది పొడవునా నడవదు.

కాబట్టి ఇంటర్వ్యూలో చివర "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు మొహమాటపడి తల అడ్డంగా ఊపకండి. క్రితం ఏడాది ప్లాంటు ఎన్ని రోజులు నడిచిందో అడగండి. ఈ ఏడాది చమురు కంపెనీల నుంచి వచ్చిన కేటాయింపు సామర్థ్యంలో ఎంతో అడగండి. ఆర్డరు తగ్గితే మద్యం తయారీకి వాడే ఈఎన్‌ఏ వైపు తిప్పే వీలుందా, నూకలూ మొక్కజొన్నా రెండూ ఆడించగలదా అడగండి. సమాధానం సూటిగా చెప్పేవాళ్ల దగ్గర చేరండి, జీతం వెయ్యి రెండు వేలు తక్కువైనా. నవ్వి తప్పించేవాళ్లయితే ఆలోచించండి. ఇంటర్వ్యూ అయ్యాక గేటు బయటి టీ కొట్టు దగ్గర పావుగంట కూర్చుంటే జీతాలు ఏ తారీఖున పడుతున్నాయో కూడా తెలిసిపోతుంది.

నియామక పత్రం చేతికి రాకుండా పనిలో దిగకండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు దాన్ని తప్పనిసరి చేశాయి. పత్రం మీద ఉన్నది కంపెనీ పేరా, కాంట్రాక్టరు పేరా చూసుకోండి. కాంట్రాక్టరు కింద చేరడం తప్పేమీ కాదు, కానీ పీఎఫ్ నెలనెలా పడుతోందో లేదో ఫోన్‌లో చూసుకుంటూ ఉండండి.

నీళ్లూ వాసనా గురించి కూడా మాట్లాడాలి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఎథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జనం రోడ్డెక్కారు. ప్రభుత్వం పనులు ఆపించింది. వాళ్లను అభివృద్ధికి అడ్డం అని కొట్టిపారేసే మాటలు ప్లాంటు క్యాంటీన్లలో నేను విన్నాను. నాకు ఆ మాట నచ్చదు. బావి నీళ్ల మీద, పొలం మీద బతికేవాళ్లకు భయపడే హక్కు ఉంది. ఈ ప్లాంట్లకు చుక్క నీరు బయటికి వదలకూడదనే నిబంధన పెడతారు. కాలమ్ అడుగున మిగిలిన ద్రవాన్ని డికాంటర్‌లో వడగట్టి, ఎవాపరేటర్‌లో మరిగించి, ఆవిరైన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడాలి. యంత్రాలు సరిగ్గా నడిచినంత కాలం అది సాధ్యమే, నేను నడిపి చూశాను. చిక్కు ఎక్కడంటే, రాత్రి రెండు గంటలకు ఎవాపరేటర్ మొరాయిస్తుంది, ట్యాంకులు నిండుతాయి, ఎవరో "కాస్త వాగులోకి వదిలెయ్, వాన పడుతోంది కదా" అంటారు. ఆ వాల్వు మీద చెయ్యి మీది. ప్లాంటు లోడు తగ్గించండి, అవసరమైతే ఆపండి, ఎందుకు ఆపారో లాగ్ పుస్తకంలో టైముతో సహా రాయండి. ఆ రాత రేపు మీకు రక్ష.

చదువు సంగతి కొంచెం. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ డిగ్రీ ఉంటే ల్యాబ్ నుంచి మొదలుపెట్టొచ్చు. ఆడపిల్లలకూ ల్యాబ్ మంచి చోటు. వాళ్లను అక్కడికే పరిమితం చేయడం మాత్రం సరికాదు, కంట్రోల్ రూము నడిపే తెలివి వాళ్లకు లేదనడం అన్యాయం. కెమికల్ డిప్లొమా ఉన్నవాళ్లు నేరుగా ప్రాసెస్‌లోకి వస్తారు. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లేని ప్లాంటు ఒక్క రోజు నడవదు. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉంటే చక్కెర, సిమెంటు, కాగితం, ఏ ఫ్యాక్టరీలోనైనా చోటు దొరుకుతుంది. ఎథనాల్ మందగించినా ఆ కాగితం విలువ తగ్గదు. రెండు మూడేళ్లు పనిచేశాక ఆల్కహాల్ టెక్నాలజీ పద్ధతిగా చదవాలనిపిస్తే కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్, పుణె దగ్గర వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. పనిచేసి వెళ్లినవాడికి అక్కడ పాఠం రెట్టింపు ఎక్కుతుంది.

మావాడు చేరి మూడు వారాలైంది. గేటు ల్యాబ్ అడిగి వేయించుకున్నాడు. మొన్న రాత్రి పదకొండు గంటలకు ఫోన్. వెనక లారీ హారన్లు వినిపిస్తున్నాయి. "బాబాయ్, మీటరు 19 చూపిస్తోంది. డ్రైవరు మీటరే తప్పంటున్నాడు, పై నుంచి దించెయ్యమని ఫోన్లొస్తున్నాయి. ఏం చెయ్యమంటావ్?"

"ఇంకోచోట గుచ్చి రెండో శాంపిల్ తియ్యి. డ్రైవరును పిలిచి, అతని చేత్తోనే మీటరులో పోయించు" అన్నాను.

ఫోన్ పెట్టేయకుండానే వెళ్లాడు. గింజలు జలజలా రాలిన చప్పుడు వినిపించింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డ్రైవరు గొంతే వినిపించింది, పద్దెనిమిదిన్నర అంటూ.